ఇంటికి కొత్త చెప్పులు

పోయిన వారం మనం తైమిని ఎక్కడ వదిలేశాం? హిర్వెలా ఊరి సంఘం ఇంటి వెనక, తన పూలమడిలో, మోకాళ్ళ మీద కూర్చుని ఉండగా వదిలేశాం. కలుపు తీస్తుంటే ఆవిడ చెయ్యి గోడ అడుగు దుంగకి తగిలింది. తగిలిన వేలు రెండో కణుపు దాకా లోపలికి దిగబడింది. బయటికి లాగితే గోధుమరంగు పొడి, దాని వెంట తెల్లటి బూజు దారాలు. ఆవిడ అటూ ఇటూ చూసి, ఆ కన్నాన్ని మట్టితో మెత్తి, ఇంటికొచ్చి వరసగా మూడు కప్పుల కాఫీ తాగింది.

దానికి ముందురోజే సంఘం సమావేశంలో పెద్ద రగడ. దుంగల మీద దుంగలు పేర్చి తాతల కాలంలో కట్టిన ఇల్లు అది. ఊళ్ళో డాన్సులూ, పెళ్ళి విందులూ, నాటకాలూ అన్నీ అందులోనే. ఇప్పుడు నేల సరస్సు వైపు వాలింది, తలుపులు బిగుసుకుపోయాయి. సంఘం అధ్యక్షుడు ఓస్మో లేచి, "కూలగొట్టేద్దాం. కాంక్రీటుతో కొత్త హాలు కడదాం" అన్నాడు. తైమి లేచి, "ముందు నన్ను కూలగొట్టు" అంది. చివరికి పక్క ఊరి వడ్రంగి సనెల్మ మాటకి ఇద్దరూ కట్టుబడేలా తీర్మానం రాశారు. శనివారం నాడు తవ్వి చూడాలి. కింది రెండు దుంగల దాకే కుళ్ళుంటే ఊరంతా కలిసి వాటిని మార్చాలి. ఆ పక్కల ఊళ్ళవాళ్ళు ఆ పనిని ఇంటికి చెప్పులు తొడగడం అంటారు. కుళ్ళు మూడో దుంగకి ఎక్కి ఉంటే మాత్రం ఇల్లు నేలమట్టం.

ఆ శనివారం రానే వచ్చింది.

తొమ్మిదింటికల్లా నలభైమంది పోగయ్యారు. పారలు, గునపాలు, చక్రాల బండ్లు, ఇంట్లో పనేమీ లేదని వచ్చిన ఇద్దరు ముసలమ్మలు. ఇలాంటి పనికి కూలి ఉండదు, కూడు మాత్రం ఉంటుంది. కూడు తైమి వంతు. నలభై తొమ్మిదేళ్ళ ఆవిడ పొద్దున నాలుగింటికే లేచి బఠాణీ సూప్ పొయ్యి మీద పెట్టింది, యాలకుల బన్నులు కాల్చింది. చేతులు పనిచేస్తున్నంతసేపూ మనసు ఒకటే పోరు పెట్టింది. చెప్పేయ్, చెప్పేయ్. భర్త వెయిక్కో పోయిన ఈ ఎనిమిదేళ్ళలో ఆవిడని మనిషిలా నిలబెట్టింది ఆ ఇల్లే. దాని తాళంచెవి ఆవిడ జేబులో ఉండబట్టి పద్దెనిమిదేళ్ళు. అలాంటి ఇంటిని తన చేతులతోనే కుళ్ళబెట్టిందని నలుగురిలో ఎలా చెప్పడం? మింగలేక కక్కలేక వారం రోజులు గడిపింది.

సనెల్మ వ్యాన్ దిగింది. ముప్పై దాటిన మనిషి, పొట్టి జుట్టు, నీలం ఓవరాల్స్, చేతిలో వాళ్ళ నాన్న గొడ్డలి. ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, ఇచ్చిన కాఫీ ముట్టకుండానే అంది.

"వెనక గోడ దగ్గర ఆ పూలన్నీ తియ్యాలి."

"పియొనీలు పద్దెనిమిదేళ్ళవి," అంది షాపు హెల్వి. ఊళ్ళో ఏ మాటైనా ముందు ఆవిడ నోట్లోంచే రావాలి. "వాటి మీద చెయ్యేస్తే తైమి నీ చెయ్యి విరుస్తుంది."

తైమి పార తీసుకుంది. "నా పూలు నేనే తీస్తాను. కానీ తీసేముందు ఒక మాట. అందరూ వినండి." ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. "దుంగ కుళ్ళింది. నేను సోమవారమే చూశాను. చూసి మట్టితో కప్పేశాను. ఈ మడి నాది. ఏటేటా మట్టి ఎత్తుచేస్తూ పోయాను. పూలు బాగా పూస్తున్నాయని మురిసిపోయానే గానీ గోడ ఏమవుతోందో చూడలేదు. ఇల్లు పోతే నా వల్లే పోతుంది. ఓస్మో, నువ్వు గెలిచావు. చాలా?"

ఓస్మో గెలిచిన మొహం పెట్టలేదు సరికదా, టోపీ సర్దుకుంటూ సరస్సు కేసి చూశాడు.

"అమ్మయ్య," అంది హెల్వి. "వారం నుంచీ షాపుకొచ్చి ఉత్త చేతుల్తో వెళ్తోంది, గుండెజబ్బేమో అనుకున్నా."

అందరూ గొల్లున నవ్వారు. తైమికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"మట్టి ఎంత పోశావక్కా?" అంది సనెల్మ.

"వసంతం వచ్చినప్పుడల్లా ఒక ట్రెయిలరు. పాపం ఓస్మోనే ట్రాక్టర్‌తో తెచ్చి పోసేవాడు. నేను అడక్కపోయినా తెచ్చేవాడు."

ఓస్మో దగ్గాడు.

"చెక్క తడిస్తే ఏం కాదక్కా," అంది సనెల్మ. "వాన పడుతుంది, తడుస్తుంది, గాలేస్తుంది, ఆరుతుంది. వందేళ్ళు అలాగే బతుకుతుంది. ఆరనివ్వకుండా మెడదాకా మట్టిలో పాతిపెడితే మనిషైనా కుళ్ళుతాడు. రండి, తవ్వుదాం."

తైమి మొదటి మొక్క కింద పార దింపింది. మొగ్గలు ఇంకా గోళీలంతే ఉన్నాయి. ఒక్కో దుబ్బునీ తడి గోనెలో చుట్టి బకెట్లలో పెడుతుంటే ముసలమ్మలిద్దరూ వాటిని నీడలోకి మోశారు. గంటలో మడి మాయమైంది. రెండు గంటల్లో గోడ బయటపడింది.

అడుగు దుంగని సనెల్మ ఉలితో కదిపింది. బాగా కాలిన రొట్టె విరిగినట్టు చదరపు ముక్కలుగా రాలింది. దుంగ పేరుకే ఉంది, లోపల ఏమీ లేదు. దాని పైది సగం పోయింది, సగం గట్టిగా ఉంది. ఇంక మూడోది.

జనం దగ్గరికి జరిగారు. సనెల్మ గొడ్డలి తిరగేసి, మొద్దు వైపుతో మూడో దుంగని కొట్టింది. ఠంగుమంది. రెండడుగులు జరిగి మళ్ళీ కొట్టింది. ఠంగుమంది. తైమి పెదాలు కదుపుతూ లెక్కపెడుతోంది. అయిదు, ఆరు. ఏడో దెబ్బకి దబ్బుమంది. తడి మూటని కొట్టినట్టు.

ఇంకోసారి కొట్టింది. మళ్ళీ దబ్బు.

"విన్నారుగా," అన్నాడు ఓస్మో. ఆ మాటలో సంతోషం లేదు. పళ్ళు పీకించుకున్నవాడు అయిపోయిందిలే అన్నట్టుగా ఉంది. "తీర్మానం ప్రకారం ఇంక తవ్వడం ఆపేద్దాం. ఆపేసి అందరం సూప్ తాగుదాం."

తైమి పోయి చక్రాల బండి అంచు మీద కూలబడింది. ఈ ఇంట్లోనే ఆవిడ మొదటిసారి అబ్బాయి చెయ్యి పట్టుకుని డాన్సు చేసింది. వెయిక్కో చావు విందు కూడా ఈ ఇంట్లోనే పెట్టింది.

"చెవి ఒక్కటే సాక్షి కాదు, అధ్యక్షా," అంది సనెల్మ. "బర్మా ఇలా ఇవ్వండి."

ఆ దబ్బుమన్న చోటే బర్మా ఆనించి తిప్పింది. కర్ర కిర్రుమంది. మొదట బూడిదరంగు పొట్టు రాలింది. తైమి కళ్ళు మూసుకుంది. తరవాత ఏదో వాసన ముక్కుకి తగిలి కళ్ళు తెరిచింది. సనెల్మ అరచేతిలో పసుపుపచ్చటి పొట్టు, పొడవైన సుళ్ళు సుళ్ళుగా, జిగురుతో మెరుస్తోంది. ఆ చెయ్యి తీసుకెళ్ళి విహ్తోరి తాత ముక్కు కింద పెట్టింది. ఈ ఇల్లు కట్టిన వాళ్ళలో ఒకడి కొడుకు తాత. ఎనభై మూడేళ్ళు, కళ్ళు సరిగా ఆనవు, ముక్కు మాత్రం కుక్కకి పాఠం చెబుతుంది.

తాత వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. పొట్టు ఒకటి నోట్లో వేసుకుని నమిలాడు.

"చేవ!" అని అరిచాడు. "నిఖార్సైన చేవ! కర్ర తారు వాసనొస్తోంది. మా నాన్న చొక్కా వాసన!"

"మరి ఆ చప్పుడేంటి?" అన్నాడెవరో.

హెల్వి ఇంట్లోకి పరిగెత్తి కిటికీలోంచి తల బయటపెట్టింది. "బెంచీలే! బెంచీలన్నీ తెచ్చి సరిగ్గా ఇక్కడే గోడకి ఆనించి పేర్చింది మన తైమి. నేల కడుగుదామనంట!"

ఊరంతా పడీపడీ నవ్వింది. తాత టోపీ గాల్లోకి ఎగరేశాడు, అది వెళ్ళి సూప్ గిన్నె మూత మీద పడింది. తైమి లేచి సనెల్మని వాటేసుకుంది. వారం రోజుల బరువు ఒక్కసారిగా దిగిపోయి, ఒళ్ళంతా తేలికైపోయింది.

"సరే, బానే ఉంది, బానే ఉంది," అన్నాడు ఓస్మో గబగబా. "నేను మాట మీద నిలబడే మనిషిని. రెండు దుంగలు మార్చేద్దాం. ఇంక కిందకి తవ్వక్కర్లేదు."

సనెల్మ అతన్ని వింతగా చూసింది. "ఇప్పుడే కదా తవ్వాల్సింది. ఈ ఇంటికి గాలి కన్నాలేవి?"

"ఆరున్నాయి," అన్నాడు తాత. "పునాది రాళ్ళ మధ్య. ముందు రెండు, వెనక నాలుగు. చలికాలం రాగానే మూతలు పెట్టేవాళ్ళం, మంచు కరగ్గానే తీసేవాళ్ళం. నేలకింద గాలాడకపోతే ఇల్లు ఊపిరాడక చస్తుందనేవాడు మా నాన్న."

ముందు రెండూ కనిపిస్తూనే ఉన్నాయి. వెనక నాలుగూ లేవు. ఇంకో రెండడుగులు తవ్వేసరికి దొరికాయి. నాలుగింటికి నాలుగూ సిమెంటుతో మూసేసి ఉన్నాయి. శుభ్రంగా, నున్నగా, తాపీతో మెరుగుపెట్టి మరీ. నాలుగో దాని మీద పచ్చి సిమెంటులో మేకుతో గీకిన అంకెలున్నాయి. సనెల్మ మట్టి తుడిచి పైకి చదివింది.

"పందొమ్మిది వందల అరవై ఒకటి."

తైమి లెక్క చూసుకుంది. తను మడి వేసింది అరవై తొమ్మిదిలో.

"విన్నావా అక్కా?" అంది సనెల్మ. "నీ పూలు రావడానికి ఎనిమిదేళ్ళ ముందే ఈ ఇంటి ముక్కు మూసేశారు. నీ తప్పు లేదనను, సగం నీదే. మిగతా సగం ఎవరిదో తేలాలి."

"అరవై ఒకటిలో సిమెంటు ఎక్కడిదే మనూళ్ళో?" అన్నాడు తాత. "ఆ ఏడు సిమెంటు బస్తాలు తెప్పించింది ఒక్కడే. ఆవుల కొట్టం కట్టుకుంటున్నాడు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఓస్మో చెయ్యి టోపీ మీదకి పోయింది. నలభై తలలూ అటు తిరిగాయి. యాభై రెండేళ్ళ మనిషి, పెళ్ళీ పెటాకులూ లేకుండా పన్నెండు ఆవులతో కాపరం చేస్తున్నవాడు, చెవులదాకా ఎర్రబడ్డాడు.

"నేనే," అన్నాడు.

"ఎందుకురా?" అన్నాడు తాత.

"చలి."

"నీకా? మంచులో గుడ్డల్లేకుండా పొర్లే వెధవ్వి, నీకు చలేంటి?"

"నాక్కాదు." ఓస్మో నేలని చూస్తూ అన్నాడు. "ఫిబ్రవరి డాన్సులో తైమి అంది. నేల మంచుగడ్డలా ఉంది, పాదాలు కొంకర్లుపోతున్నాయి, వేసవి దాకా ఇంక రాను అంది. మూతల పని అప్పట్లో నాదే. వాటి సందుల్లోంచి గాలి దూరుతోందని మర్నాడే కన్నాలు నాచుతో కూరాను. ఎలుకలు లాగేశాయి. అందుకని సిమెంటు పెట్టాను. మంచు కరిగాక కొట్టేద్దామనే అనుకున్నా. మంచు కరిగేసరికి నువ్వు..." ఈసారి తైమిని చూశాడు. "నువ్వు వెయిక్కోతో వస్తున్నావు. నేను డాన్సులకి రావడం మానేశాను. సిమెంటు సంగతి మర్చిపోయాను. గుర్తొచ్చాక చెప్పడానికి సిగ్గేసింది."

"ఇరవై ఆరేళ్ళా!"

"సిగ్గు ముదిరింది."

హెల్వి నోరు తెరిచింది, మాట రాలేదు. ఊరి చరిత్రలో అదే మొదటిసారి.

తైమి నడుం మీద చేతులు పెట్టుకుని అతని ముందుకొచ్చింది. "అయితే ఏటేటా నా మడికి మట్టి మోసింది..."

"సిమెంటు కనపడకుండా."

"నీది మంచి మనసని ఊరంతా చాటాను కదయ్యా! కాంక్రీటు హాలు కావాలని కొట్లాడింది?"

"మరమ్మతంటే తవ్వుతారు. తవ్వితే బయటపడుతుంది. కూలగొడితే రాళ్ళన్నీ కలిసిపోతాయి కదా అని."

"నీ సిగ్గు కోసం ఊరి ఇల్లు కూలగొడతావా, దొంగ సన్నాసీ!" అంటూ తైమి వంగి చేతికందిన మట్టిబెడ్డ తీసి విసిరింది. అది అతని భుజానికి తగిలి పగిలింది. ఇంకోటి విసిరింది. మూడోది విసరబోతూ నవ్వు ఆపుకోలేక బెడ్డ వదిలేసింది. కోపం నిజమే. ఆ కోపం అడుగున ఎప్పుడో ఇరవై రెండేళ్ళప్పుడు తెలియాల్సిన ఒక మాట ఇప్పుడు తెలిసిన సంబరం కూడా నిజమే. వెయిక్కో మంచివాడు, ఆ పెళ్ళికి ఆవిడ ఒక్కరోజూ విచారించలేదు. అయినా తన పాదాల చలి గురించి ఒక మనిషి ఇంత పని చేశాడంటే ఏ ఆడదానికి ముచ్చటగా ఉండదు?

సనెల్మ ఓస్మో చేతిలో సుత్తి పెట్టింది. "మీరు మూసినవి మీరే తెరవండి, అధ్యక్షా."

నాలుగు కన్నాలూ అతనే కొట్టాడు. నాలుగోది తెరుచుకోగానే నేలకిందనుంచి పాత నేలమాళిగ వాసన బుస్సుమని బయటికొచ్చింది. ముసలమ్మలు ముక్కులు మూసుకున్నారు.

తరవాత పని జోరందుకుంది. గోడకి అడ్డదూలాలు బిగించి, వాటి కింద ఎనిమిది జాకీలు పెట్టారు. ఒక్కో జాకీ దగ్గర ఒక్కో మనిషి. "సగం తిప్పు! ఆగు! సగం తిప్పు! ఆగు!" అని సనెల్మ అరుస్తుంటే ఇల్లు మూలుగుతూ వెంట్రుకవాసి చొప్పున లేచింది. మూలల్లో దుంగలు కిర్రుకిర్రుమన్నాయి. వాలిన నేల మట్టానికి వచ్చింది. ఉన్నట్టుండి, తొమ్మిదేళ్ళుగా ఎవరు లాగినా కదలని వెనక తలుపు దానంతట అదే మెల్లగా తెరుచుకుని సరస్సు వైపు ఊగింది. జాకీల దగ్గరివాళ్ళు పని ఆపి చప్పట్లు కొట్టారు. తైమి ఆ గుమ్మంలోంచి లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి నడిచింది.

రాళ్ళ మీద కొత్త దుంగ కింద పరవడానికి తడి ఎక్కనివ్వని బర్చ్ చెట్టు బెరడు సిద్ధంగా ఉంది. దుంగల సందుల్లో కూరడానికి ఎండిన నాచు బస్తాల్లో ఉంది. రెండో దుంగ కుళ్ళిన సగానికి ముక్క సరిపోతుంది, అది సనెల్మ వ్యాన్‌లోనే ఉంది. ఆవిడ టేపుతో అడుగు దుంగ చోటు కొలిచి, సూప్ గిన్నె పట్టుకుని బెంచీ మీద కూర్చుని తల గోక్కుంది.

"తొమ్మిది మీటర్లు. అతుకు పనికిరాదు, ఇల్లంతా మోసేది అదే. ఎండిన చేవ దుంగ కావాలి. అంత పొడుగుది నా దగ్గర లేదు. మిల్లులో దొరికేది పచ్చిది. పచ్చిది పెడితే కుదించుకుపోతుంది, మళ్ళీ కుళ్ళు పడుతుంది. ఎండబెట్టాలంటే రెండేళ్ళు."

"నడివేసవి యుహన్నుస్ పండగ డాన్సు రెండు వారాల్లో ఉంది," అంది హెల్వి.

"డాన్సు సంగతి వదిలెయ్. ఈ జాకీల మీద ఇల్లు చలికాలం దాటదు. నేల గడ్డకట్టి ఉబ్బిందంటే మొత్తం పక్కకి ఒరుగుతుంది."

గరిటె పట్టుకున్న తైమి చెయ్యి ఆగిపోయింది. ఇంత దూరం వచ్చాక ఒక్క దుంగ కోసమా? ఎవరి కొట్టాల్లో ఏముందో అందరూ గుర్తుచేసుకున్నారు. ఒకరి దగ్గర ఆరు మీటర్లది ఉంది, ఇంకొకరిది పురుగు పట్టింది. మాటలు పలచబడ్డాయి.

ఓస్మో గిన్నె కింద పెట్టి, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయాడు. ముప్పావుగంట తరవాత ట్రాక్టర్ చప్పుడైంది. వెనక గొలుసులతో కట్టిన ఒకే ఒక్క దుంగ. నాలుగు పక్కలా గొడ్డలితో చెక్కి, నీడలో ఏళ్ళ తరబడి ఆరి తేనె రంగుకి తిరిగి ఉంది.

సనెల్మ పరిగెత్తుకెళ్ళి గొడ్డలి మొద్దుతో కొట్టింది. చర్చి గంటలా మోగింది. టేపు పెట్టి చూసింది. "తొమ్మిదిన్నర! ఎక్కడ దాచారయ్యా ఇన్నాళ్ళూ?"

విహ్తోరి తాత దుంగ వెంట వేళ్ళతో తడుముకుంటూ వచ్చాడు. చివర మూలకట్టు కోసం చెక్కిన గాడి తగిలింది. దాని పక్కన ఉలితో కొట్టిన ఒక నిలువు గీత తగిలింది. తాత వేలు అక్కడే ఆగింది.

"ఒరే, ఇది ఊరికే పడున్న దుంగ కాదు. ఇల్లు కట్టడానికి కొలతలు తీసి, గాళ్ళు కొట్టి, నంబరేసిన దుంగ. ఇది ఒకటో నంబరు. ఎవరిల్లిది?"

"ఎవరిదీ కాదు," అన్నాడు ఓస్మో. "కట్టలేదు. అరవై ఒకటి చలికాలంలో కొట్టాను. ఆవుల కొట్టానికని ఊళ్ళో చెప్పాను. కొట్టం సిమెంటుతో కట్టాను కదా, ఇవి అలాగే ఉండిపోయాయి."

"ఒకటో దుంగ ఇచ్చేస్తే ఆ ఇల్లింక లేవదురా," అన్నాడు తాత మెల్లగా.

"తెలుసు."

తైమి గరిటెతోనే నడుచుకుంటూ వచ్చి దుంగకి ఇవతల నిలబడింది. గరిటెలోంచి సూప్ ఆవిడ బూటు మీద కారుతోంది, చూసుకోలేదు. అరవై ఒకటి చలికాలం. ఆ ఇల్లు ఎవరి కోసమన్న ప్రశ్న ఒక్కటే మిగిలింది, అది అడక్కుండానే ఓస్మో టోపీ తీశాడు. పొద్దున్నుంచీ సిగ్గుపడుతున్న మనిషి మొహంలో ఇప్పుడు సిగ్గు లేదు.

"ఇది సంఘానికి ఇచ్చేస్తున్నాను, తైమీ. ఇది పోగా ఇంకా ముప్పై ఎనిమిది ఉన్నాయి నా కొట్టంలో. ఒకటో దుంగ మళ్ళీ కొట్టగలను, చేతుల్లో ఆ మాత్రం సత్తువుంది. కొట్టమంటావా, వద్దంటావా?"

నలభై చెంచాలు నలభై గిన్నెల మీద ఆగిపోయాయి. తైమి అతని మొహంలోకి చూసి, ఊపిరి పీల్చుకుని, నోరు తెరిచింది.